ఉత్తరాల పుస్తకానికి చేతిరాత ఫాంటు సరిపోతుందా?

సిరామరక:

మిత్రులందరికీ నమస్కారం. మా తాతగారు మా నాన్నగారికి రాసిన 43 ఉత్తరాలను చిన్న పుస్తకంగా కూర్చుతున్నాను. ఎడమ పుటలో తెలుగు మూలం, కుడి పుటలో తెలుగు చదవడం రాని మనవల కోసం ఇంగ్లీషు అనువాదం ఉంటాయి. ఉత్తరం అన్నాక చేత్తో రాసినట్టు కనిపిస్తేనే నిండుగా ఉంటుందని తలచి, తెలుగుకు గుండ్రటి చేతిరాత ఫాంటు ఒకటి, ఇంగ్లీషుకు అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోయే స్క్రిప్ట్ ఫాంటు ఒకటి ఎంచుకున్నాను. తెర మీద ఒక్క పేరా చూసుకున్నప్పుడు ముచ్చటగానే అనిపించింది. పన్నెండు పుటలు అచ్చు తీసి ఇంట్లో వాళ్ళ చేతికిచ్చేసరికి సంగతి మారిపోయింది. మా అక్కయ్య రెండో ఉత్తరం సగంలోనే ఆపేసి, "ఇది తాతయ్య రాసినట్టు లేదు, ఎవరో తాతయ్యలా రాయబోయినట్టు ఉంది" అన్నది. ఆ మాటకు నాకు కోపం రావలసింది గానీ రాలేదు, ఎందుకంటే నాకూ లోలోపల అలాగే అనిపిస్తున్నది.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఇంగ్లీషు వైపు కొన్ని వరుసల్లో అక్షరాల మధ్య వెంట్రుకవాసి ఖాళీలు వస్తున్నాయి, మరికొన్ని వరుసల్లో రావడం లేదు. ఫాంటూ సైజూ ఒకటే అయినప్పుడు ఇలా ఎందుకు జరుగుతుంది? రెండోది అసలు ప్రశ్న: ఇలా అలవోకగా రాసినట్టు కనిపించే ఫాంట్లు దేనికి నప్పుతాయి, దేనికి నప్పవు?

సీసపుటక్షరం:

మొదటి సందేహానికి జవాబు తేలిక. మీరు రెండు అంచులూ సమంగా వచ్చేలా, అంటే జస్టిఫై చేసి, కూర్చి ఉంటారు. పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్ వరుసను నింపడానికి మాటల మధ్య ఖాళీని పెంచుతుంది. సెట్టింగుల్లో అనుమతి ఉంటే అక్షరాల మధ్య ఖాళీని కూడా సాగదీస్తుంది. మామూలు పుస్తకపు టైపులో ఒకటి రెండు శాతం సాగితే కంటికి ఆనదు. కలిసిపోయే స్క్రిప్ట్‌లో మాత్రం ఒక అక్షరపు తోక తరువాతి అక్షరపు మొదలును తాకేలా కొలిచి గీస్తారు కనుక, ఏ కాస్త జరిపినా ఆ ముడి ఊడిపోతుంది. జస్టిఫికేషన్ సెట్టింగుల్లో లెటర్ స్పేసింగ్‌కు, అంటే అక్షరాల మధ్య ఖాళీకి, ఉండే మూడు విలువలనూ సున్నా చేసి, ఎడమ అంచును మాత్రమే సమంగా ఉంచి, కుడి అంచును దాని మానాన వదిలేయండి. చేత్తో రాసిన ఉత్తరంలో కుడి అంచు బద్ద పెట్టి కోసినట్టు ఉండటం నేనైతే ఎన్నడూ చూడలేదు.

ఈ ముడి కష్టం కంప్యూటరుతో వచ్చినది కాదు. సీసపు టైపులో ప్రతి అక్షరమూ తన దిమ్మె మీద తాను కూర్చుంటుంది; గీత ఆ దిమ్మె అంచు దాకా వెళ్ళి ఆగాలి, పక్క దిమ్మె మీది గీత సరిగ్గా అదే ఎత్తులో మొదలుకావాలి. ఫ్రాన్సులోని మార్సేలో ఉన్న ఫోండెరీ ఒలీవ్ అనే టైపు పోత సంస్థ కోసం రోజర్ ఎక్స్‌కొఫాన్ 1953లో తెచ్చిన మిస్ట్రల్ అనే టైపు ఈ పనిని చాలా తెలివిగా సాధించింది. తన సొంత చేతిరాత మీద ఆధారపడి, గీతలు ఎక్కడ కలవాలో పట్టుకుని, మిగతాచోట్ల అక్షరాన్ని పైకీ కిందికీ యథేచ్ఛగా ఊగనిచ్చాడు. దక్షిణ ఫ్రాన్సులో వీచే ఒక గాలి పేరు దానికి పెట్టాడు. ఆ టైపును ఒక్కసారి చూసినవారికి పేరు ఎందుకు అదో చెప్పనక్కరలేదు.

రోజువారీ చేతిరాతను అచ్చులో దింపాలన్న కోరిక అంతకంటే చాలా పాతది. లియోన్ నగరంలో రోబేర్ గ్రాంజోన్ 1557లోనే ఆనాటి ఫ్రెంచివారి మామూలు రాతను తానే టైపుగా కోసి పుస్తకం అచ్చువేశాడు. పిల్లలకు మర్యాదలు నేర్పే పుస్తకాలకు ఎక్కువగా వాడటం వల్ల ఆ టైపుకు తరువాత 'సివిలిటె' అన్న పేరు స్థిరపడింది. ఆ మాటకొస్తే, ఈనాడు మనం నొక్కి చెప్పడానికి వాడే ఇటాలిక్ కూడా ఒకనాటి చేతిరాతే. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడి కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో కోసిన ఆ అక్షరాలతో 1501లో పుస్తకాలు వచ్చాయి. అప్పట్లో దానితో మొత్తం పుస్తకమే కూర్చేవారు, ఇప్పుడు ఒక మాటకో ఒక పేరుకో పరిమితం చేశాం. మీ రెండో ప్రశ్నకు సగం సమాధానం ఆ మార్పులోనే ఉందని నా అభిప్రాయం.

గీతాకారిణి:

సీసపుటక్షరం గారు ముడి గురించి చెప్పారు గనుక నేను స్వభావం గురించి చెబుతాను. స్క్రిప్ట్ ఫాంట్లన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. మాథ్యూ కార్టర్ 1960లలో రూపొందించిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ వంటివి లాంఛనమైన రాతకు వారసులు: మొన తేలిన పాళీని నొక్కితే లావు, వదిలితే సన్నం, ప్రతి వంపూ ముందే నిర్ణయమై ఉంటుంది, రాసేవాడు ఊపిరి బిగబట్టి రాసినట్టు ఉంటుంది. అలవోక రాత దీనికి పూర్తిగా ఎదురు. అందులో పనిముట్టు కుంచె కావచ్చు, స్కెచ్ పెన్ను కావచ్చు, బాల్‌పెన్ను కావచ్చు. ఏదైనా రాసేవాడి ధ్యాస అక్షరం మీద కాక చెప్పదలచిన మాట మీద ఉన్నట్టు కనిపించాలి. ఇంగ్లీషు బోర్డులు రాసే చిత్రకారులు కుంచెతో చకచకా వేసే ఒక తరహా అక్షరాలకు 'క్యాజువల్' అనే పేరు వృత్తిలోనే ఉంది. నిజానికి అది బోలెడంత సాధన చేసినవారికే వచ్చే 'నిర్లక్ష్యం'.

ఆ భ్రమ ఎక్కడి నుంచి వస్తుందో దగ్గరగా చూడండి. మీ దగ్గరున్న ఇంగ్లీషు ఫాంటులో 'మినిమమ్' అన్న మాటను పెద్ద సైజులో కొట్టి, దాని కింద ఒక సరళరేఖ గీయండి. మంచి అలవోక ఫాంటులో అక్షరాల పాదాలు ఆ రేఖ మీద నిలబడవు; ఒకటి పిసరంత కిందికి దిగితే మరొకటి పైకి తేలుతుంది. చిన్న అక్షరాల ఎత్తు కూడా సమంగా ఉండదు. గీత చివర్లు గుండ్రంగా ఉంటే స్కెచ్ పెన్ను గుర్తొస్తుంది, గరుకుగా తెగిపోతే ఎండిపోతున్న కుంచె గుర్తొస్తుంది. అక్షరాలన్నీ కలిసి ఉండాలన్న నియమమూ లేదు. మనలో ఎవరైనా వేగంగా ఇంగ్లీషు రాసేటప్పుడు రెండు మూడు అక్షరాలు కలిపి, పెన్ను ఎత్తి, మళ్ళీ మొదలుపెడతాం. మాటమాటకూ చివరిదాకా తెగకుండా సాగే కలయిక రాయసకాడిది. మధ్యమధ్య తెగేది మనిషిది. మీరు ఎంచుకున్న ఫాంటు మొదటి కోవకు చెందినదని అనుమానం. తాతగారు మనవలతో మాట్లాడుతున్నట్టు ఉండవలసిన పుట ఆహ్వానపత్రంలా కనిపిస్తుంటే కారణం అదే అయి ఉండవచ్చు.

మరొక మాట. ఇటువంటి ఫాంట్లలో పెద్ద అక్షరాలు వాక్యం మొదట్లో ఒంటరిగా నిలబడటానికే పుట్టాయి. శీర్షిక గదా అని మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టారంటే నాలుగు గొడుగులు ఒకే ఇరుకు సందులో విప్పినట్టు ఉంటుంది.

మొండిఘటం:

అందరూ ఇంత గౌరవంగా మాట్లాడుతున్నారు గనుక నేను కాస్త ఎదురు చెబుతాను. చేతిరాత ఫాంటు అనే పదబంధంలోనే అబద్ధం ఉంది. చెయ్యి రాసింది ఒకసారి, యంత్రం వేసేది వెయ్యిసార్లు. అందరూ వెక్కిరించే కామిక్ సాన్స్‌నే తీసుకోండి. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కానేర్ దాన్ని గీసినప్పుడు, తెర మీద ఒక కార్టూన్ కుక్క మాట్లాడే బుడగలో వేసిన గంభీరమైన అక్షరాలు ఆ కుక్కకు అతకలేదన్నదే ఆయన బాధ. ఆ బుడగకు అది చక్కగా సరిపోయే పనిముట్టు. 2012 జులై 4న సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో హిగ్స్ బోసాన్ అనే కణం సంగతి ప్రకటించిన సభలో ఫాబియోలా జనోట్టి స్లైడ్లు అదే ఫాంటులో ఉంటే భౌతికశాస్త్రం వదిలేసి ఫాంటు గురించి మాట్లాడినవారు కొల్లలు. ఫాంటులో ఒక్క గీత కూడా మారలేదు, నోరు మారింది అంతే. కాబట్టి సిరామరక గారూ, మీ ఫాంటును తిట్టుకోకండి. అది ఎవరి నోటి మాటగా వస్తున్నదన్నదే ప్రశ్న. మీ తాతగారి నోటికి ముక్కూమొహం తెలియనివారి చేతిరాతను అతికించారు. అక్కయ్య గారు పట్టుకున్నది దాన్నే.

సులోచనాలు:

నా చూపు అంతంతమాత్రం కనుక చదివేవారి పక్షాన నాలుగు మాటలు రాస్తాను. అనుభవమున్న పాఠకుడు అక్షరాలను కూడబలుక్కోడు, మాటలోని అక్షరాలను, వాటి మధ్య తేడాలను ఒక్క చూపులో అందుకుంటాడు. అలవోక ఫాంటులో ఆ తేడాలే చెరిగిపోతాయి. ఇంగ్లీషులో ఆర్ పక్కన ఎన్ వస్తే ఎమ్‌లా, సి పక్కన ఎల్ వస్తే డి లా కనిపిస్తుంది. తెలుగులో వ, ప, మ ఒకదానికొకటి దగ్గరి పోలికలు ఉన్నవి, న, స కూడా అంతే. తలకట్టు కాస్త జారినా, కింది సున్నా కాస్త మూసుకుపోయినా ఒకటి మరొకటిగా మారిపోతుంది. ధ, ద, థ ల సంగతి సరేసరి, పొట్టలో చుక్కా అడుగున గీతా ఎనిమిది పాయింట్ల సైజులో ఏకమవుతాయి. ఒక వాక్యమైతే సందర్భాన్ని బట్టి సర్దుకుంటాం. నలభై పుటలైతే ప్రతి వరుసకూ ఆ సర్దుబాటు చేసుకోవాలి, నాలుగో పుటకు కన్ను మొరాయిస్తుంది.

అయితే మొండిఘటం గారి కామిక్ సాన్స్‌కు ఒక మేలు కూడా ఉందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవారికి అనువైన రాత గురించి బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ ఇచ్చిన సూచనల్లో ఏరియల్‌తో పాటు దాని పేరూ ఉంది. అందులో అక్షరాలు కలవవు, ఒకదానినొకటి నెట్టుకోవు. కలయిక లేని చేతిరాత, కలయిక ఉన్న చేతిరాత అనే తేడా చదివేవారికి చాలా పెద్దది.

సిరామరక:

అందరికీ కృతజ్ఞతలు. జస్టిఫికేషన్ తీసేసి చూశాను, ఖాళీలు మాయమయ్యాయి. కానీ మరొక వింత బయటపడింది. అచ్చు కాపీని కిటికీ దగ్గర పెట్టుకుని తెలుగు పుటను అక్షరం అక్షరం చూశాను. ఒక వరుసలో 'అమ్మమ్మ' అన్న మాట ఉంది. అందులోని రెండు 'మ్మ'లూ అద్దంలో చూసుకున్నట్టు ఒకటే: అదే వంపు, అదే ఒత్తు, ఒత్తు చివర అదే చిన్న మొటిక. తాతగారి అసలు ఉత్తరం తీసి అదే మాట వెతికాను. ఆయన మొదటి 'మ్మ'ను తీరిగ్గా రాసి, రెండోదాన్ని తొందరగా కిందికి లాగేశారు. రెండో ఒత్తు కింది వరుసలోని గుడిని తాకుతున్నది. ఫాంటులో ఈ తేడా తీసుకురావడం సాధ్యమేనా? తెలుగుకు అసలు ఇటువంటి ఏర్పాటు ఉంటుందా?

వక్రరేఖ:

సాధ్యమే, కాకపోతే శ్రమ ఎక్కువ. ఓపెన్‌టైప్ అనే ఫాంటు ప్రమాణంలో కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్, అంటే సందర్భాన్ని బట్టి మారే రూపాలు, అనే సదుపాయం ఉంది. ఒక అక్షరానికి రెండో మూడో రూపాలు గీసిపెట్టి, 'ఇదే అక్షరం దగ్గరలో ఇంతకుముందే వచ్చి ఉంటే రెండో రూపం వెయ్యి' అని ఫాంటులోనే నియమం రాస్తారు. పాబ్లో ఇంపల్లారి గీసిన కేవియట్ అనే ఉచిత ఫాంటు ఇందుకు మంచి ఉదాహరణ. మాటలో అక్షరం ఎక్కడ వచ్చిందన్న దాన్ని బట్టి దాని రూపం కొద్దిగా మారుతుంది. ఇంగ్లీషు 'లెటర్' అన్న మాటలో రెండు టీలు పక్కపక్కనే వస్తాయి. చేత్తో రాసేవారు ఆ రెండింటికీ కలిపి ఒకే అడ్డగీత గీస్తారు. శ్రద్ధ గల ఫాంటులో ఆ జంటకు విడిగా ఒక లిగేచర్, అంటే రెండూ కలిసిన ఒకే రూపం, ఉంటుంది. ఫాంటు కొనేముందు ఈ ఒక్క మాట కొట్టి చూస్తే చేసినవాడి ఓపిక ఎంతో తెలిసిపోతుంది.

ఇదంతా యాదృచ్ఛికం అనుకోకండి, నియమం ప్రకారం తిప్పడమే. నిజంగా యాదృచ్ఛికంగా మారే అక్షరాలను నెదర్లాండ్స్‌కు చెందిన లెటర్‌ఎర్రర్ జంట, ఎరిక్ వాన్ బ్లోక్‌లాండ్, యుస్ట్ వాన్ రొస్సుమ్, 1990 ప్రాంతంలోనే బేవొల్ఫ్ అనే ఫాంటులో చేసి చూపించారు. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు ఆ అక్షరాన్ని అచ్చువేసిన ప్రతిసారీ అంచులను కొత్తగా కదిపేది. ఓపెన్‌టైప్‌లోనూ యాదృచ్ఛిక రూపాల కోసం ఒక ఫీచరు నమోదై ఉంది గానీ, దాన్ని పట్టించుకునే సాఫ్ట్‌వేర్లు అరుదు. అందుకే అందరూ తిప్పుడు పద్ధతితోనే సరిపెట్టుకుంటున్నారు.

తెలుగు దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు అలవోక ఫాంటుకు 26 చిన్న అక్షరాలకు మూడేసి రూపాలు గీసినా 78తో పని తీరుతుంది. తెలుగులో హల్లులు, వాటి గుణింతాలు లెక్కవేస్తేనే ఐదు వందల పైచిలుకు కలయికలు తేలుతాయి, ఒత్తులు వేరు. వాటిలో చాలా భాగాన్ని ముక్కలుగా గీసి ఫాంటు చేత అతికించవచ్చు. కానీ చేతిరాతలో ఆ అతుకే బయటపడుతుంది. 'పు, ఫు, వు'ల కొమ్ము మిగతా అక్షరాల కొమ్ములాంటిది కాదు. 'మొ, యొ, ఘొ'ల ఒత్వం వేరే దారిన పోతుంది. 'స్త్రీ'లో రెండు ఒత్తులూ ఒక గుడిదీర్ఘమూ ఒకే చోట ఇరుక్కుంటాయి, 'రాష్ట్రం'లో ఇంకా తంటా. మనిషి రాసేటప్పుడు జాగా చూసుకుని ఒత్తును పక్కకో కిందికో నెడతాడు. ఫాంటు చేసేవాడు ఆ జాగాను ముందే ఊహించి, అటువంటి ప్రతి గుంపుకూ విడిగా రూపం గీయాలి.

ఇంగ్లీషులో లేని మేలు ఒకటి తెలుగులో ఉంది. ఒకే హల్లు వెంటవెంటనే వచ్చినా సాధారణంగా వేర్వేరు గుణింతాలతో వస్తుంది. 'పిల్లలు' అన్న మాటలో ఒక ల కింద ఒత్తు ఉంది, మరొక ల పక్కన కొమ్ము ఉంది. కాబట్టి కవలలు సులువుగా దొరకవు. మీకు దొరికిన 'అమ్మమ్మ' అరుదైన సందర్భం. అసలు గుట్టు రట్టు చేసేది తలకట్టు. ఒక వరుస తీసుకుని అక్షరాలన్నింటినీ వేలితో మూసి తలకట్లు మాత్రమే చూడండి: అన్నీ ఒకే కోణంలో, ఒకే పొడవులో, కవాతులో నిలబడినట్టు ఉంటాయి. మీ తాతగారి ఉత్తరంలో అదే పని చేసి చూడండి. కొన్ని అక్షరాన్ని అంటుకుని ఉంటాయి, కొన్ని గాలిలో తేలుతుంటాయి, వరుస చివరకు వచ్చేసరికి కొన్ని పడుకుంటాయి. నేను తెలుగు చేతిరాత ఫాంటు చేయవలసివస్తే అక్షరాలకు మారురూపాలు గీయడం కంటే ముందు తలకట్టుకు నాలుగు రూపాలు గీసి, వాటిని వంతులవారీగా తిప్పుతాను. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఈ-పుస్తకం కూడా చేసే ఉద్దేశం ఉంటే ఒక హెచ్చరిక: పుట రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో లెటర్ స్పేసింగ్ సున్నా కాకుండా పెడితే ఐచ్ఛిక లిగేచర్లను బ్రౌజరు ఆపేయాలన్నది ప్రమాణంలోనే ఉంది. ఫాంటును పుస్తకంలో పొదగకుండా 'కర్సివ్' అన్న సాధారణ పేరు మీద వదిలేస్తే, విండోస్ యంత్రాల్లో తాతగారు కామిక్ సాన్స్‌లో ప్రత్యక్షమయ్యే ప్రమాదం ఉంది.

సీసపుటక్షరం:

తలకట్టు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇన్నేళ్ళు అచ్చుపనిలో ఉండి నేను దాన్ని ఈ కోణంలో చూడలేదు. ఇప్పుడే ఒక పాత ఉత్తరం తీసి చూసుకున్నాను.

గీతాకారిణి:

బాపు గారి చేతిరాత ఫాంటుగా వచ్చిన సంగతి మనందరికీ తెలిసిందే. ఆ అక్షరాలు కనబడగానే తెలుగు పాఠకుడికి ఒక మనిషి గుర్తొస్తాడు, ఒక బొమ్మల లోకం గుర్తొస్తుంది. అందుకే శీర్షికల్లో, బొమ్మల పక్కన మాటల్లో అది అంత చక్కగా ఒదిగిపోయింది, అందుకే సంబంధం లేని చోట వాడితే అంత ఎబ్బెట్టుగానూ ఉంటుంది. చేతిరాత ఎప్పుడూ ఎవరో ఒకరిది. మొండిఘటం గారి వాదంలో నేను ఒప్పుకునేది ఇదే. అబద్ధం అన్న మాట మాత్రం ఒప్పుకోను. వేషం కట్టిన నటుణ్ణి అబద్ధాలకోరు అనం గదా, నాటకం అయ్యాక కూడా వేషం తీయకపోతేనే ఇబ్బంది.

ఇక ఎక్కడ వాడాలన్న ప్రశ్న. నా పనిలో నేను పాటించే పద్ధతి చెబుతాను, దీనిని నియమమని అనుకోవద్దు. పుటలో ముద్రిత పాఠం ఒక గొంతు అయితే, దాని మీద మరో మనిషి వచ్చి పక్కన గీసిన మాట రెండో గొంతు. ఆ రెండో గొంతుకు అలవోక ఫాంటు చక్కగా సరిపోతుంది: పటం పక్కన బాణం గీసి 'ఇక్కడ చూడండి' అన్న గమనిక, ఛాయాచిత్రం కింద తేదీ, పిల్లల అభ్యాస పుస్తకంలో నింపి చూపిన నమూనా జవాబు, వస్తువు పెట్టెలో వేసే నాలుగు మాటల కృతజ్ఞత. ఇవన్నీ చిన్నవి, చదివేవారికి అర్థం ముందే సగం తెలిసినవి. మందు వాడకం, ఒప్పందపు షరతులు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, సున్నాకూ ఇంగ్లీషు 'ఓ'కూ తేడా తెలియకపోతే పని చెడే సంకేతపదాలు దీనికి ఎంతమాత్రం తగవు. ఒకసారి ఒక ప్రదర్శన కరపత్రంలో సమయాన్ని కూడా చేతిరాత ఫాంటులోనే వేసి, 1ని 7గా చదివినవారిచేత నేను చివాట్లు తిన్నాను.

రెండు భాషలు పక్కపక్కన ఉన్నప్పుడు, రెండింటికీ పేరులో 'స్క్రిప్ట్' ఉంటే చాలదు. ఒకే పెన్నుతో రాసినట్టు ఉండాలి. ఇంగ్లీషు కుంచెతోనూ తెలుగు బాల్‌పెన్నుతోనూ ఉంటే ఇద్దరు మనుషులు రాసినట్టవుతుంది. ముందు గీత మందం కలపండి, తరువాత గీత చివర్లు కలపండి. వాలును మాత్రం బలవంతాన కలపకండి. ఇంగ్లీషు రాత సహజంగా కుడికి వాలుతుంది, తెలుగు గుండ్రదనం నిటారుగా ఉంటేనే అందం. సాఫ్ట్‌వేర్‌లోని ఇటాలిక్ బటన్ నొక్కి తెలుగును వాల్చారంటే సున్నాలన్నీ కోడిగుడ్లవుతాయి. బోల్డ్ బటన్ కూడా అంతే, అక్షరం పొట్టలు పూడిపోతాయి.

మీ పుస్తకానికి నా సలహా: ఉత్తరాల పాఠం మొత్తం మంచి చదువు ఫాంటులో పెట్టండి. తెలుగుకు ఒత్తులు కింది వరుసను తాకకుండా వరుసల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ జాగా వదలండి. ఉత్తరం మొదట తేదీ, సంబోధన, చివర సంతకం మాత్రం చేతిరాతలో ఉండనివ్వండి. అయితే వాటికి ఫాంటు ఎందుకు? అసలు ఉత్తరాలు మీ దగ్గరే ఉన్నాయి. మాటలను మాటలుగానే స్కాన్ చేసి వాడుకోండి.

మొండిఘటం:

ఇది నాకు నచ్చింది. తాతగారి చేతిరాతతో మొత్తం ఫాంటే చేయాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. ఆయన రాయని గుణింతాలను మీరు గీయవలసి వస్తుంది, అప్పుడది ఆయన రాత కాదు. మరొక సంగతి, ఇంగ్లీషు ఫాంటు ఉచితంగా దింపుకున్నదైతే లైసెన్సు చదివారా? 'వ్యక్తిగత వాడకానికి మాత్రమే' అని ఉంటే అమ్మే పుస్తకానికి అది చెల్లదు. ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవాటితో ఆ బెంగ లేదు. పుస్తకంలో వాడవచ్చు, పొదగవచ్చు, ఫాంటును మాత్రం ఒంటరిగా అమ్మకూడదు.

సులోచనాలు:

స్కాన్ చేసిన మాటలను ఈ-పుస్తకంలో బొమ్మలుగా పెట్టేటప్పుడు వాటికి ప్రత్యామ్నాయ పాఠం తప్పక రాయండి. తెర చదివే సాఫ్ట్‌వేర్ బొమ్మలోని అక్షరాలను చదవలేకపోవచ్చు, అప్పుడు ఆ సంబోధన నా వంటివారికి అందదు.

సిరామరక:

మూడు వారాల తరువాత తిరిగి వచ్చాను, ఆలస్యానికి మన్నించండి. గీతాకారిణి గారు చెప్పినట్టే చేశాను. పాఠం మొత్తం చదువు ఫాంటులోకి మారింది. ఇంగ్లీషు వైపు కలయిక లేని అలవోక ఫాంటు ఒకటి తీసుకుని, నేను అంచుల్లో రాసిన చిన్న చిన్న వివరణలకు మాత్రం వాడాను. అవి తాతగారి మాటలు కావు, నావి కనుక నా గొంతుగా అది సరిపోయింది. మా అక్కయ్య ఈసారి పదకొండు ఉత్తరాలు ఏకబిగిన చదివింది, ఫాంటు గురించి ఒక్క మాటా అనలేదు.

ప్రతి ఉత్తరానికీ పైన 'ఉత్తరం' అన్న శీర్షికను తాతగారి రాతలోనే పెట్టాలనుకున్నాను. ఆ మాట కోసం 43 ఉత్తరాలూ భూతద్దం పెట్టి వెతికాను, ఎక్కడా దొరకలేదు. ఆయన ప్రతిచోటా 'జాబు' అనే రాశారు: 'నీ జాబు అందినది', 'జాబు రాయడం ఆలస్యమైనది', 'వెంటనే జాబు రాయగలవు'. విడి అక్షరాలు ఏరి 'ఉత్తరం' అని నేను కూర్చవచ్చు గానీ, ఆయన ఎన్నడూ రాయని మాటను ఆయన చేత రాయించినట్టవుతుంది. కాబట్టి శీర్షికలన్నీ 'జాబు' అని మార్చాను. అంకెలు చదువు ఫాంటులో ఉన్నాయి, మాట ఆయన చేతిలో ఉంది. వక్రరేఖ గారు చెప్పిన తిప్పుడు పద్ధతిని గుర్తుపెట్టుకుని, మూడు వేర్వేరు ఉత్తరాల నుంచి మూడు 'జాబు'లు స్కాన్ చేసి వంతులవారీగా వేస్తున్నాను. మూడోదానిలో 'బు' కొమ్ము తొందరలో పైకి లేచి, శీర్షిక పైన నేను గీసిన సన్నగీతను దాటిపోయింది. ఆ పుటల్లో గీతనే రెండు మిల్లీమీటర్లు పైకి జరిపాను.